చౌడు కయ్యలో కంపోస్టు: చాపాడు మండలంలో 20 సెంట్ల పని డైరీ

స్థలం కడప జిల్లా చాపాడు మండలం, కేసీ (కర్నూలు-కడప) కాలవ కింద పల్లపు నల్లభూమి. 1882లో ప్రభుత్వం మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దగ్గర కొనుక్కున్న కాలవ ఇది. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి నీళ్లు మోసుకొస్తూ దారి పొడవునా ఊట వదులుతుంది. మా పల్లానికి పంట ఇచ్చింది ఈ కాలవే, చౌడు ఇచ్చిందీ ఇదే.

ఎకరన్నరలో బాగా చెడిన 20 సెంట్లు తీసుకుని అయిదేసి సెంట్ల కయ్యలుగా నాలుగు చేశాను. ఉత్త కంపోస్టుతో చౌడు పోతుందా, జిప్సం (కాల్షియం ఉండే ఖనిజం) కూడా కావాలా, రెండూ వేస్తే ఎంత తేడా అన్నది ఈ పని. ఇదే పని చేయబోయేవాళ్లు ముందు దశ 2, దశ 3 చదవండి. డబ్బూ కాలమూ పోయింది అక్కడే.

దశ 1: ఏ చౌడో తేల్చుకోవడం (మార్చి)

పాలచౌడు అయితే పైన తెల్లగా ఉప్పు పూస్తుంది, మంచినీళ్లు పెట్టి కడిగితే చాలావరకు పోతుంది. కారుచౌడు అలా కాదు. తడిస్తే జారుడు, ఎండితే గడ్డపార దిగదు. మట్టి రేణువులకు సోడియం అంటుకుని ఉంటుంది, దాన్ని కాల్షియంతో తోసేస్తేగానీ కదలదు. మా కయ్యల్లో రెండూ ఉన్నాయి. పైన తెల్ల పూత, కింద జిగట.

మట్టి తీసింది ఎండాకాలంలో, ఉప్పు పైకి వచ్చి ఉన్నప్పుడు. కొలిచిన పద్ధతి:

1. ఒక్కో కయ్యలో 8 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి కలిపాను. పై పొరను 2 సెంటీమీటర్ల వరకు గీకి వేరే సంచిలో ఉంచాను.
2. నీడన ఆరబెట్టి, నలగ్గొట్టి, జల్లెడ పట్టాను.
3. 20 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి అరగంట సేపు మధ్య మధ్య కలిపి, తేరిన నీళ్లలో పెన్ను మీటరు ముంచాను.
4. ముంచే ముందు ప్రతిసారీ ఈసీ (కరిగిన ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, డెసీసీమెన్స్/మీటరులో) పెన్నును ఈసీ 1.413 ఉన్న ద్రావణంలో, పీహెచ్ (7 పైన ఎంత పెరిగితే అంత క్షారం) పెన్నును 7, 9.2 బఫర్లలో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో, సరిచూశాను.

కొన్ని పెన్నులు ఈసీ కాకుండా టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన ఉప్పు, మిల్లీగ్రాముల్లో) చూపిస్తాయి. ఆ అంకె ఈసీని 500తోనో 640తోనో 700తోనో గుణించి వేసింది. కంపెనీకో లెక్క. ఈసీ బటను ఉన్నదే కొనండి.

మొదటి కొలతలు:
- కయ్య 1: పీహెచ్ 9.0, ఈసీ 1.7
- కయ్య 2: పీహెచ్ 9.1, ఈసీ 1.6
- కయ్య 3: పీహెచ్ 9.1, ఈసీ 1.9
- కయ్య 4: పీహెచ్ 9.2, ఈసీ 2.1 (కింది మూల, అన్నిటికన్నా చెడ్డది)
- పై పూత మాత్రమే: ఈసీ 6.4

ఈసీ 4 దాటితే ఉప్పు నేల అని పుస్తకాల్లో ఉంటుంది కదా, మనది 2 దగ్గరే కదా అని ఊరట పడొద్దు. ఆ 4 అనే గీత మట్టిని ముద్దగా తడిపి పిండిన నీళ్లకు. ఒకటికి రెండున్నర పాళ్లు నీళ్లు కలిపి చూసిన అంకె దానిలో సగమో మూడో వంతో మాత్రమే ఉంటుంది.

ప్రయోగశాలకు పంపింది మట్టి రేణువులకు అంటుకున్నవాటిలో సోడియం శాతం కోసం. అది ఇంట్లో తేలదు. 27 వచ్చింది. 15 దాటితే కారుచౌడు లక్షణమే. జిప్సం అవసరం ఎకరాకు 4 టన్నులని రాసిచ్చారు. అందులో సగం వేయడం వాడుక.

పైసా ఖర్చు లేని పరీక్షలు రెండు. గాజు గ్లాసులో వాన నీళ్లు పోసి, శెనగగింజంత ఎండు మట్టిగడ్డ మెల్లగా వదలాలి. గడ్డ చుట్టూ పొగలాగా మురికి వ్యాపిస్తే సోడియం ఉన్నట్టు. నాలుగు కయ్యల మట్టీ గంటలోపే మురికి లేపింది. రెండోది, బాత్‌రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు మట్టి మీద వేయడం. బుసబుస పొంగితే సున్నం ఉంది. మాది గట్టిగానే పొంగింది. కంపోస్టు మీద నేను ఆశ పెట్టుకున్నది ఈ పొంగు చూసే. కంపోస్టు కుళ్లేటప్పుడు వచ్చే ఆమ్లాలు, బొగ్గుపులుసు వాయువు ఆ సున్నాన్ని కరిగిస్తే కాల్షియం మన నేలలోనే పుడుతుంది. సున్నం లేని చౌడులో ఈ మేలు ఉండదు.

నీళ్లు ఇంకే వేగం: ఆరంగుళాల పైపు ముక్కను భూమిలోకి కొట్టి, నీళ్లు పోసి, స్కేలు పెట్టి చూశాను. అన్ని కయ్యల్లోనూ గంటకు 2 మిల్లీమీటర్లు.

ఖర్చు: ఈసీ పెన్ను 1,400, పీహెచ్ పెన్ను బఫర్లతో 900, పైపులు 450, పరీక్ష రుసుము 500.
ఇప్పటిదాకా: రూ. 3,250

దశ 2: కంపోస్టు (మార్చి నుంచి ఆగస్టు)

మొదటి కుప్ప: వరిగడ్డి 250 కిలోలు, పచ్చిపేడ 600 కిలోలు, శెనక్కాయ పొట్టు 80 కిలోలు. నేల మీదే కుప్ప పోసి బోరు నీళ్లతో తడిపాను. కడప ఎండకు కుప్ప పైనుంచీ పక్కలనుంచీ ఆరిపోతూనే ఉంది. లోపల వేడి 60 దాకా పోయి, తేమ లేక 40కి పడిపోయేది. విప్పితే మధ్యలో బూడిద రంగు పొడి. మళ్లీ నీళ్లు, మళ్లీ ఆరడం. జూన్‌కు రంగు, వాసన అన్నీ బాగానే వచ్చాయి. చూసినవాళ్లంతా మంచి ఎరువన్నారు.

మీటరు ఆ మాట అనలేదు. ఒక పాలు కంపోస్టు, అయిదు పాళ్లు నీళ్లు కలిపి చూస్తే ఈసీ 5.8. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో పట్టణ కంపోస్టుకు పెట్టిన హద్దు 4. ఉప్పు నేలకు మందుగా వేయాల్సిన సరుకే ఉప్పగా ఉంది.

లెక్క వేస్తే దొంగ బోరే అని తేలింది. బోరు నీళ్ల ఈసీ 2.1. లీటరుకు దాదాపు 1.34 గ్రాముల ఉప్పు. కుప్పకు పట్టింది 3,000 లీటర్లు, అంటే 4 కిలోల ఉప్పు. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు కుప్పలోనే ఉంటుంది. ఎండిన బరువు 350 కిలోలున్న ఎరువులో ఈ 4 కిలోలు ఈసీని మూడుకు పైగా పెంచుతాయి. పేడలోనూ గడ్డిలోనూ సహజంగా ఉండే లవణాలు దానికి అదనం. కోళ్ల ఎరువు కూడా కలిపి ఉంటే ఇంకా పెరిగేది.

మొలక పరీక్ష కూడా పెట్టాను. ఆ ఎరువు నానిన నీళ్లతో తడిపిన గుడ్డలో పెసలు సగానికి పైగా మొలవలేదు, మంచినీళ్ల గుడ్డలో దాదాపు అన్నీ మొలిచాయి. ఈ కుప్పను చౌడు కయ్యలకు వేయలేదు. వాలు నేల మీద పల్చగా పరిచి వానలకు వదిలాను. సెప్టెంబరుకు ఈసీ 2.9కి దిగింది. దాంతోపాటు నత్రజని, పొటాష్ కూడా కొంత కొట్టుకుపోయే ఉంటాయి. నిమ్మచెట్ల పాదులకు పోయింది.

రెండో కుప్పలో మార్చినవి:

1. నేల మీద కాకుండా 12 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గుంతలో మొదలుపెట్టి పైకి రెండున్నర అడుగులు పేర్చాను. గుంతలో తేమ నిలుస్తుంది.
2. తడి గోనెలు, వాటి మీద కొబ్బరి మట్టలు కప్పాను.
3. నీళ్లు ట్యాంకరువి. ఈసీ 0.6. కప్పు ఉండటంతో 2,000 లీటర్లకే సరిపోయింది. చేరిన ఉప్పు ముప్పావు కిలో.
4. వరిగడ్డి 600 కిలోలు, పేడ 1,200 కిలోలు, కానుగ ఆకు 300 కిలోలు. శెనక్కాయ పొట్టు మానేశాను, నెమ్మదిగా కుళ్లుతుంది.
5. గడ్డిని అడుగు ముక్కలుగా నరికించాను. వేడి 65 దాటినా, 45కు తగ్గినా తిరగవేశాను. పిడికిట్లో పిండితే వేళ్ల సందుల్లో తడి కనబడాలి, కారకూడదు.

ఆగస్టు మొదట్లో 1,040 కిలోలు తేలింది. ఈసీ 2.6, పీహెచ్ 7.6. పెసలు బాగా మొలిచాయి.

ఖర్చు: ఒక ట్రాక్టరు పేడ 2,500, ట్యాంకరు 700, గోనెలు 200, కూలి 1,000. గడ్డి సొంతం.
ఇప్పటిదాకా: రూ. 7,650

దశ 3: మురుగు కాలవ (జూన్, ఆగస్టు)

కరిగిన ఉప్పుకు బయటికి దారి లేకపోతే మిగతా పనంతా దండగ. కయ్యల కింది గెనిమ వెంబడి రెండడుగుల లోతు కాలవ తీయించి, కుందూ నదిలో కలిసే వంకలోకి వదిలాను. ట్యూబు లెవెల్‌తో చూసుకుని నూరడుగులకు ఆరంగుళాల వాలు ఇచ్చాను.

భూమిలో నీటిమట్టం చూడటానికి చిల్లులు పెట్టిన ఆరడుగుల పైపును పాతాను. జూన్‌లో నీళ్లు అయిదున్నర అడుగుల కింద ఉన్నాయి. కాలవకు నీళ్లు వదిలిన కొద్ది వారాలకే రెండడుగులకు లేచాయి. మురుగు కాలవ లోతూ రెండే. అంటే కాలవలోకి దిగేది ఏమీ లేదు, ఊటతో అదే నిండి నిలబడింది. పైగా ఒడ్లు కరిగి జారిపోయాయి. సోడియం మట్టి గోడ నిటారుగా నిలవదు.

మళ్లీ జేసీబీ పిలిపించి మూడున్నర అడుగులకు దించాను. ఒడ్లు ఏటవాలుగా చెక్కించి గరిక నాటాను. పైపులో నీటిమట్టం మూడడుగులకు తగ్గి అక్కడ ఆగింది. మొదటిసారే పైపు పాతి, కాలవ పారే నెలల్లో మట్టం చూసి, ఆ తర్వాత లోతు నిర్ణయిస్తే ఒక జేసీబీ గంట మిగులుతుంది.

ఖర్చు: జేసీబీ 2,600, గట్టు దాటే సిమెంటు తూము 700.
ఇప్పటిదాకా: రూ. 10,950

దశ 4: వేయడం, కడగడం (ఆగస్టు)

- కయ్య 1: ఏమీ లేదు, నీళ్లతో కడగడం మాత్రమే
- కయ్య 2: కంపోస్టు 500 కిలోలు
- కయ్య 3: జిప్సం 100 కిలోలు
- కయ్య 4: కంపోస్టు 500, జిప్సం 100 కిలోలు

ఎకరా లెక్కన కంపోస్టు 10 టన్నులు, జిప్సం 2 టన్నులు. జిప్సం సంచుల్లో గులకలు ఎక్కువ. దంచి జల్లెడ పట్టి వేశాను. రెండింటినీ పై 10 సెంటీమీటర్లలోనే కలిపాను. లోతు దుక్కి చేస్తే జిప్సం పలచబడిపోయి పైనున్న సోడియానికి చాలదు.

చిన్న లెక్క ఒకటి ముందే చేసుకోవాలి. జిప్సం లీటరు నీళ్లలో రెండున్నర గ్రాములకు మించి కరగదు. 100 కిలోలు కరగాలంటే 40,000 లీటర్లు కావాలి. 5 సెంట్లంటే 202 చదరపు మీటర్లు, కాబట్టి 20 సెంటీమీటర్ల నీళ్లు. ఒక్క తడితో జిప్సం పని అయిపోయిందనుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది. నేను 10 సెంటీమీటర్ల చొప్పున నిలబెట్టి, ఇంకిపోయి నేల కనబడ్డాక మళ్లీ నిలబెట్టాను. ఆగి ఆగి పెడితే అదే నీళ్లకు ఎక్కువ ఉప్పు దిగుతుంది.

మొదటి తడి పెట్టిన మర్నాడే తేడా కంటికి కనబడింది. కయ్య 3, 4లో అడుగు కనిపించేంత తేట నీళ్లు. కయ్య 1లో చిక్కటి బురద. కయ్య 2 కూడా దాదాపు అంతే. గట్టు మీద పోతున్న చిన్నాయన ఆగి, "ఏమబ్బీ, ఈ కయ్యలో మజ్జిగ చిలికినావా?" అన్నాడు.

కాలవ నీళ్ల ఈసీ 0.4. అంత మంచి నీళ్లు సోడియం నేల మీద నిలబడితే బంకమట్టి విడిపోయి నీళ్లలో తేలుతుంది, అది మళ్లీ దిగి రంధ్రాలు పూడ్చేస్తుంది. జిప్సం కరిగి కాల్షియం ఉన్న చోట అలా జరగదు. కంపోస్టు మట్టిని గుల్ల చేస్తుందిగానీ మొదటి వారంలోనే కాల్షియం ఇవ్వలేదు. సున్నం కరగడానికి వ్యవధి కావాలి. కయ్య 2లో నీళ్లు ఇంకడం గంటకు 2 నుంచి 1.5 మిల్లీమీటర్లకు తగ్గింది కూడా. ఉత్త కంపోస్టు వేసేవాళ్లు మొదట్లో ఇది చూసి బెదరొద్దు, అదే కయ్య తర్వాత లేచింది.

మురుగు కాలవలో కారే నీళ్ల ఈసీ మొదట 7.8. లోపలికి 0.4, బయటికి 7.8. అది తగ్గుతూ 2.2 దగ్గర నిలిచాక కడగడం ఆపాను.

తర్వాత నాలుగు కయ్యల్లోనూ జీలుగ (పచ్చిరొట్ట పైరు) చల్లాను, 20 సెంట్లకు 3 కిలోలు. పూత దశలో కలియదున్నించాను. కయ్య 4లో నడుం దాటింది, కయ్య 1లో మోకాలి దగ్గరే ఆగి మధ్యలో బోడి మచ్చలు మిగిలాయి.

ఖర్చు: జిప్సం 4 సంచులు 1,000, జీలుగ 300, జింకు సల్ఫేటు 300, రోటవేటరు 800.
ఇప్పటిదాకా: రూ. 13,350

నవంబరు కొలతలు:
- కయ్య 1: పీహెచ్ 9.0, ఈసీ 1.5, ఇంకడం గంటకు 2 మి.మీ.
- కయ్య 2: 8.9, 1.2, 4 మి.మీ.
- కయ్య 3: 8.7, 0.9, 6 మి.మీ.
- కయ్య 4: 8.6, 0.8, 9 మి.మీ.

దశ 5: ఎండాకాలం తిరగబెట్టడం (ఏప్రిల్)

ఆలస్యమైపోయిందని ఆ ఏడు వరి పెట్టలేదు, కయ్యలు ఖాళీగా ఉండిపోయాయి. ఫిబ్రవరికే తెల్ల పూత మళ్లీ కనబడింది. కాలవ పారినన్నాళ్లూ నీటిమట్టం పైనే ఉంది. నేల బోడిగా ఉంటే ఎండ ఆ నీటిని పైకి లాగుతుంది, నీళ్లు పోయి ఉప్పు పైన మిగులుతుంది.

పూత కనబడగానే కయ్య 4లో సగం మీద నాలుగంగుళాల మందాన వరిగడ్డి కప్పాను. ఏప్రిల్‌లో కొలిస్తే:
- కయ్య 1: ఈసీ 1.9
- కయ్య 2: 1.4
- కయ్య 3: 1.4
- కయ్య 4, బోడి సగం: 1.2
- కయ్య 4, గడ్డి సగం: 0.9

మొదలుపెట్టినప్పుడు కయ్య 1లో 1.7 ఉండింది, ఇప్పుడు 1.9. ఏమీ వేయకుండా ఉత్త కడుగుడుతో వచ్చిన లాభం ఒక ఎండాకాలానికే సరి. పీహెచ్ మాత్రం ఎక్కడా మళ్లీ పెరగలేదు. సోడియం ఒకసారి రేణువును వదిలి మురుగులో పోతే తిరిగి రావడానికి కాలం పడుతుంది, ఉప్పుకు ఒక వేసవి చాలు.

గడ్డి సొంతం, కొత్త ఖర్చు లేదు. అదే గడ్డిని జూన్‌లో కంపోస్టు గుంతకు తరలించాను. ముందు పై మట్టి దులిపాను, దానికి ఉప్పు అంటి ఉంటుంది.

దశ 6: వరి (రెండో ఏడు, జూన్ నుంచి డిసెంబరు)

జూన్ వానలకు జీలుగ, ఆగస్టులో కలియదున్ని, తేరాక నాటు. రకం బీపీటీ 5204. చౌడును తట్టుకునే రకం పెడితే దిగుబడి పెరిగేదేమో గానీ, నాకు కావలసింది కయ్యల తేడా. ఈ నేలలో మామూలు నాటుకన్నా మార్చినవి:

1. నెల దాటిన ముదురు నారు. లేత నారు చౌడుకు మాడిపోతుంది.
2. కుదురుకు 4, 5 మొక్కలు, దగ్గర దగ్గరగా.
3. జింకు సల్ఫేటు 20 సెంట్లకు 4 కిలోలు, ఆఖరి దమ్ములో. భాస్వరం ఎరువుతో కలపలేదు.
4. యూరియా మామూలు కన్నా పావు వంతు ఎక్కువ, విడతలుగా. పీహెచ్ ఎక్కువున్న నేలలో నత్రజని గాలిలోకి పోతుంది.
5. బోరు నీళ్లు అసలు పెట్టలేదు. కాలవ ఆగిన రోజుల్లో నేల నెర్రె ఇచ్చినా పెట్టలేదు.

కయ్య 2 ఈ పంటలో లేచింది. నాటిన నెలకు కయ్య 3తో సమానంగా పచ్చబడింది. నీళ్లు నిలిచిన వరి మడిలో వేళ్లు, కంపోస్టు కలిసి బొగ్గుపులుసు వాయువు వదులుతాయి, సున్నం కరుగుతుంది.

కోత లెక్క, ఎండిన వడ్లు, 5 సెంట్లకు:
- కయ్య 1: 34 కిలోలు
- కయ్య 2: 61
- కయ్య 3: 66
- కయ్య 4: 87

కోత తర్వాత పీహెచ్ వరుసగా 8.9, 8.7, 8.6, 8.4. ఈసీ 1.3, 0.8, 0.7, 0.6. కయ్య 4లో నీళ్లు ఇంకడం గంటకు 11 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా చెడ్డ కయ్యకే రెండూ పడ్డాయి కాబట్టి ఆ 87 ఇంకొంచెం గట్టి అంకె అనుకోవచ్చు. ఎకరాకు 17 క్వింటాళ్లే లెండి. మంచి భూమి ఉన్నవాళ్లు నవ్వుతారు.

దశ 7: మిగతా ఎకరా 30 సెంట్లకు

ఇప్పుడు అడ్డం కంపోస్టే. ఎకరాకు 10 టన్నులంటే 13 టన్నులు కావాలి. ఈ గడ్డితో, ఈ పశువులతో ఏడాదికి మూడు టన్నులకు మించి తయారు కాదు. బయట దొరికే ఎరువు ట్రాక్టరు దించకముందే ఒక దోసెడు అడిగి ఈసీ చూస్తున్నాను. 4 దాటితే వద్దంటున్నాను. ఒకాయన ఆ పెన్నును చూసి ఇదేమన్నా జ్వరం చూసేదా అని అడిగాడు, అయినా దోసెడు ఇచ్చాడు.

అనుకున్న వరుస ఇది:

1. ముందు మురుగు కాలవను ఎకరా మొత్తానికి పొడిగించడం, మూడున్నర అడుగులకు తగ్గకుండా.
2. జిప్సం అంతటా, ఎకరాకు 2 టన్నులు, కాలవకు నీళ్లు వదిలే ముందు. నీటిమట్టం లేవకముందే మొదటి తడులు పడాలి.
3. ఉన్న మూడు టన్నుల కంపోస్టు బోడి మచ్చలకే. మిగతా చోట జీలుగ.
4. కయ్య 3ని రెండుగా గట్టు వేసి చీల్చి, ఒక సగానికి ఎకరాకు 5 టన్నుల లెక్కన కంపోస్టు చేర్చడం. సగం మోతాదుకు ఎంత పని జరుగుతుందో అందులో తేలాలి.
5. జనవరి నుంచి బోడి నేల మీద గడ్డి కప్పు, పూత కనబడేదాకా ఆగకుండా.

కయ్య 4 కింది మూలలో రెండు సెంట్ల మేర పీహెచ్ ఇంకా 8.9 దగ్గరే ఉంది. అక్కడ గడ్డపారతో తవ్వితే అడుగున్నర కింద సున్నపు గులకల పొర గట్టిగా తగులుతోంది. నీళ్లు ఆ పొర మీదే ఆగిపోతున్నాయి. వేసవిలో ఆ రెండు సెంట్లలో గుంతలు తీసి పొర పగలగొట్టి, జిప్సం కలిపిన మట్టితో పూడ్చాలని ఉంది. జేసీబీ అద్దె రేటు కనుక్కున్నాను, గంటకు 1,300.